ఆనాడు మోగిన పెట్టె

బసవలింగం మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగినవాడికి జవాబు అప్పటికప్పుడు దొరికేది కాదు. అడిగింది విననట్టే ఊరుకునేవారు, లేకపోతే ఏదో పని పురమాయించి పంపేసేవారు. ఆ పని ముగించుకుని వచ్చేసరికి అడిగినవాడికే తన ప్రశ్న కాస్త వెలవెలబోయి కనిపించేది. యాభై ఏళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి ఆయన. నాటకాలవాళ్ళు హార్మోనియాన్ని పెట్టె అంటారు. ఆ పెట్టె వెనక కూర్చున్నాయనే నాటక సమాజానికంతటికీ గురువు. పద్యం నేర్పేదీ, శ్రుతి అందించేదీ, వేషగాడు తడబడితే ఆదుకునేదీ ఆయనే. బాపట్లలో ఆయన దగ్గర పద్యం నేర్చినవాళ్ళు వందమంది దాకా ఉంటారు. వాళ్ళలో లోకానికి తెలిసినవాడు ఒక్కడే, సినిమా నటుడు కమలాకర్.

లోకానికి కమలాకర్, మాస్టారికి మాత్రం కోటయ్యే. అతనికి డెబ్బై ఏళ్ళు నిండబోతున్నాయి. ఆ పుట్టినరోజున హైదరాబాదులో అతని ఆత్మకథ విడుదల కావాలి. పుస్తకం పేరు ‘దాపరికం లేదు’. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని పెద్దలు చెప్పారు, అయినా చించుకుంటున్నాను అని మొదటి పేజీలోనే రాసుకున్నాడు. నిజంగానే చించుకున్నాడు కూడా. తాగి షూటింగులు ఎగ్గొట్టిన సంగతి, మొదటి భార్యను ఏడిపించిన సంగతి, తోటి నటుడి మీద చాడీలు చెప్పి వేషం లాక్కున్న సంగతి, అన్నీ రాశాడు. నలభయ్యో ఏటినుంచి విగ్గు పెట్టుకుంటున్నానని కూడా రాశాడు. సినిమావాళ్ళు మిగతా పాపాలు ఒప్పుకుంటారేమో గాని ఇది మాత్రం ఒప్పుకోరు. ఒక వారపత్రిక ముందుగా ఎనిమిది అధ్యాయాలు వేసుకుంటే, ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదంటూ ఊరూరి నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఆ ఉత్తరాల్లో మంచివి కొన్ని కమలాకర్ చేతిసంచీలో ఎప్పుడూ ఉంటున్నాయి.

పుస్తకం అచ్చుకు వెళ్ళడానికి అయిదు రోజులుందనగా అతను రెండు పనుల మీద బాపట్ల వచ్చాడు. మాస్టారి చేత ముందుమాట రాయించుకోవాలి. తన బతుకు మలుపు తిరిగిన నాటకంలో మాస్టారు వాయించిన పెట్టెను అడిగి తీసుకెళ్ళి, విడుదల సభలో వేదిక మీద పట్టుబట్ట పరిచి పెట్టాలి. మాస్టారికి ఎనభై ఎనిమిదేళ్ళు. చూపు మందగించింది గాని చెవి మాత్రం ఇంకా పదునే. అందుకని కమలాకర్ వరసగా మూడు మధ్యాహ్నాలు పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించాడు. మొదటి భార్య సంగతి వచ్చినచోట తానే ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, ఆ మాట ఒప్పుకోవాలి. మాస్టారు ప్రతి అధ్యాయం చివరా “ఊఁ” అన్నారు తప్ప మెచ్చుకోలేదు, నొచ్చుకోలేదు.

మూడో రోజున ఆ నాటకం అధ్యాయం వచ్చింది. అక్కడ కమలాకర్ కాస్త గబగబా చదివాడు. నాటక పరిషత్తు పోటీల్లో తాను రాజు వేషం కట్టడం, రాజ్యం పోయి అడవి పట్టిన రాజు తన సింహాసనాన్ని తలుచుకుని పాడే పద్యానికి జనం ఏడుసార్లు వన్స్ మోర్ కొట్టడం, ముందు వరసలో కూర్చున్న నిర్మాత తెల్లవారగానే గ్రీన్ రూముకు వచ్చి మద్రాసుకు రమ్మనడం, అంతా అందంగా రాశాడు. చివర ఇలా ముగించాడు: “ఏడోసారి పాడింది నేను కాదు. నా గొంతులో కూర్చుని సరస్వతీదేవి పాడింది.”

పాడింది తాను కాదన్నంతవరకూ నిజమే. జరిగింది వేరు. మొదటి రెండు వన్స్ మోర్‌లకూ అతనే పాడాడు. మూడోసారి వన్స్ మోర్ అనేసరికి, ముందు రోజు తాగిన ఐసు సోడా పని చేసింది. రెండో పాదంలో పై షడ్జం దగ్గరికి వెళ్ళేసరికి గొంతులోంచి గాలి తప్ప నాదం రాలేదు. అప్పుడు మాస్టారు పక్క తెర వైపు చూశారు. అక్కడ భటుడి వేషంలో చెక్క బల్లెం పట్టుకుని పున్నయ్య నిలబడి ఉన్నాడు. అతనూ మాస్టారి శిష్యుడే, కోటయ్యతో కలిసి నేర్చినవాడే, గొంతు కోటయ్యకంటే ఒక మెట్టు పైనే. కాకపోతే పొట్టిగా ఉండేవాడు, ముఖాన మశూచి మచ్చలు. అందుకని ఎప్పుడూ భటుడు, లేకపోతే చారుడు. మాస్టారు తన పెట్టె ముందున్న మైకును తెర వైపు తిప్పారు. పున్నయ్య తెరచాటున వంగి ఆ పాదాన్ని అందుకున్నాడు. కోటయ్య ఓరగా తిరిగి, దుఃఖం ఆపుకోలేని రాజులా ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏమి నటన, ఏమి గానం అని జనం ఊగిపోయారు. మూడు నుంచి ఏడు దాకా ప్రతిసారీ ఆ గొంతు పున్నయ్యదే.

మద్రాసులో కోటయ్య గొంతుతో ఎవరికీ పని పడలేదు. పాటలకు వేరే గాయకులుండేవారు, ముఖం బాగుంది, అది చాలింది. ఎవరో విలేఖరి మీ తొలి విజయం ఏదని అడిగినప్పుడు ఆ ఏడు వన్స్ మోర్‌ల కథ చెప్పాడు. తరవాత అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆ కథ అరిగి నున్నబడింది, చేతికి ఎక్కడా గుచ్చుకునేది కాదు. ఆత్మకథ రాస్తున్నప్పుడు పున్నయ్య పేరు ఒకసారి కలం దాకా వచ్చిన మాట వాస్తవం. అది మాస్టారు చేసిన ఏర్పాటు కదా, తన తప్పు ఏముంది అని సర్దుకుని ముందుకు వెళ్ళిపోయాడు. సమాజంలో అందరూ ఒక్కొక్కరే పోగా, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ముగ్గురే మిగిలారు. మాస్టారు, తాను, నిడుబ్రోలులో దర్జీ పని చేసుకుంటున్న పున్నయ్య.

అధ్యాయం అయిపోయాక మాస్టారు “ఊఁ” అనలేదు.

“తరవాత?” అన్నారు.

కమలాకర్ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. మిగిలిన నాలుగు పేజీలూ చదివేసి, కాగితాలు సర్ది, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మాస్టారూ, ముఖస్తుతి వద్దు, ఒక్క మాట చెప్పండి. నిజం రాయడమంటే ఇంతకంటే ఏం చెయ్యాలి? నాకు తెలియకుండా ఎక్కడైనా ఏమైనా మిగిలిపోయిందా?” అని అడిగాడు. అలా అడగడంలో ధైర్యం కంటే ధీమా ఎక్కువ. ఇన్నేళ్ళూ నోరు మెదపని మనిషి ఇప్పుడు మెదుపుతాడా?

మాస్టారు ఆ ప్రశ్న విననట్టే ఊరుకున్నారు. కాసేపయ్యాక, “పెట్టె అడిగావు కదూ. అటక మీద ఉంది, దింపించుకో” అన్నారు.

డ్రైవరు నిచ్చెన వేసి దింపాడు. దుమ్ము దులిపి ఎదురుగా పెట్టగానే మాస్టారు వేళ్ళతో తడుముతూ దాని లోపాలన్నీ చెప్పుకొచ్చారు. “ఒరేయ్ కోటయ్యా, సరిగ్గా విను. నడిమి స్థాయిలో రెండు రీడ్లు పలకవు. ఈ మెట్టు నొక్కితే కూతపెట్టడమే గాని ఆగడం ఉండదు. గాలి తిత్తికి చిల్లు పడితే నేనే గుడ్డముక్క అంటించాను, అది ఎన్నాళ్ళో నిలవదు. ఇదిగో, ఈ మూల ఎలకలు కొరికాయి. వానాకాలం వస్తే చెక్క ఉబ్బి మూత పడదు. ఆలోచించుకుని తీసుకెళ్ళు. తెనాలిలో మస్తాన్ అని పెట్టెలు బాగుచేసే అతనున్నాడు, దారిలో అతనికి ఒకసారి చూపించు.”

కమలాకర్‌కు కళ్ళు చెమర్చాయి. సరుకు ఇచ్చేవాడు తన సరుకులో వంకలు ఇలా తానే ఎత్తి చూపడం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం? ఇన్ని లోపాలు తనంతట తానే చెప్పిన మనిషిని ఇంకేం అడుగుతాం? ఆయన పాదాలకు దణ్ణం పెట్టి, ముందుమాట రేపటికి రాయించి ఉంచమని చెప్పి, పెట్టెను కారులో తన పక్క సీటు మీద పెట్టించుకున్నాడు. బాపట్ల దాటకముందే తెలిసిన విలేఖరికి ఫోను చేశాడు. ఆ పెట్టె సభకు వస్తోందని, మాస్టారు స్వహస్తాలతో ఇచ్చారని చెప్పాడు. రేపటి పత్రికలో ఫొటోతో వేస్తామని అవతల వాళ్ళు ఉత్సాహపడ్డారు. పొన్నూరు మీదుగా పోతున్నంతసేపూ అతని చేయి ఆ పెట్టె మూత మీదే ఉంది.

తెనాలిలో మస్తాన్ కొట్టు చిన్నది. గోడకు తీగలు, కింద రంపపు పొట్టు. అరవై ఏళ్ళ మనిషి. సినిమా ఆయన వచ్చాడని హడావిడి పడకుండా పెట్టెను బల్ల మీదికి ఎత్తించుకుని మరలు విప్పాడు. రెండు రీడ్లు చూశాడు, తిత్తి చూశాడు, ఎలకలు కొరికిన మూల చూశాడు. మెట్ల చెక్క పైకెత్తి లోపలికి తొంగిచూసి చిన్నగా నవ్వాడు.

“ఇది నా చేతి పెట్టే బాబూ. మా నాయన దగ్గర పని నేర్చాక నేను సొంతంగా చేసిన మొదటిది. మాస్టారు అడిగి మరీ చేయించుకున్నారు.”

“పాత పెట్టె కదా ఇది? నేను రాజు వేషం కట్టినప్పటిది?”

“అది మా నాయన చేసింది. దాంట్లోవి జర్మనీ రీడ్లు, ఆ నాదమే వేరు. ఇదిగో చూడండి, మేం లోపల పెన్సిలుతో తారీఖు రాసుకుంటాం.”

కమలాకర్ వంగి చూశాడు. చెక్క మీద మస్తాన్ పేరూ, నెలా, సంవత్సరమూ ఉన్నాయి. ఆ నాటకం ఆడిన పదహారేళ్ళ తరవాతి సంవత్సరం అది. అతనికి ఒళ్ళు మండిపోయింది. విలేఖరికి మళ్ళీ ఫోను చేసి ఆ వార్త ఆపించాడు, ఎందుకని వాళ్ళు అడిగితే ఏదో నసిగాడు. మరలు బిగించే దాకా కూడా ఆగకుండా పెట్టెను కారులో పడేయించుకుని వెనక్కి తిరిగాడు. మాస్టారిని ఏమేమి అడగాలో దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. సభలో ఎవడైనా తెలిసినవాడు లేచి ఇది ఆ పెట్టె కాదంటే తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అన్ని తప్పులు అంత వివరంగా చెప్పిన మనిషి, ఆ ముసలి వయసులో ఇంత మాట దాచడమా? నమ్మించి గొంతు కోయడమంటే ఇదేననిపించింది.

అతను చేరేసరికి సాయంత్రం అయింది. మాస్టారు అరుగు మీద కూర్చుని కాళ్ళకు నీరెండ తగలనిస్తున్నారు. కారు శబ్దం విని తల తిప్పారు గాని లేవలేదు.

“నన్నెందుకు మోసం చేశారు మాస్టారూ?” అన్నాడు కమలాకర్ నిలబడే.

“మోసమేముంది? రెండు రీడ్లు పలకవన్నాను. పలికాయా?”

“పలకలేదు.”

“తిత్తికి చిల్లుందా?”

“ఉంది.”

“ఎలకలు కొరికాయా?”

“మీరు చెప్పినవన్నీ ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు. చిల్లర లోపాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, అసలిది ఆ పెట్టే కాదన్న సంగతి మింగేశారు. ఆ లోపాలు చెప్పబట్టే నేను మిమ్మల్ని...” అంటూ కమలాకర్ ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే ఎదురుగా వచ్చి నిలబడింది. మాస్టారు అతని ముఖం వైపు చూడలేదు, సగం కనపడని ఆ కళ్ళతో వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. కమలాకర్ మెల్లగా అరుగు చివర చతికిలబడ్డాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు ఇదే అరుగు మీద శ్రుతి తప్పినందుకు మొట్టికాయలు తిన్నప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

“ఆనాటి పెట్టె ఎక్కడుంది?” అని అడిగాడు.

“నిడుబ్రోలులో. పున్నయ్య అడిగాడు, ఇచ్చేశాను. ఆ తరవాతే ఇది చేయించుకున్నాను. వాడు కుట్టు మిషను పక్కన పెట్టుకున్నాడు.”

“వాయిస్తాడా?”

“వాడికి వాయించడం రాదు.”

కమలాకర్ తల వంచుకున్నాడు. కోపం మాత్రం ఇంకా పూర్తిగా చావలేదు. “ఆ రోజు మైకు తిప్పింది మీరే కదా మాస్టారూ. ఇన్నేళ్ళూ మీరు మాత్రం ఎందుకు చెప్పలేదు?”

మాస్టారు ఈసారి వెంటనే జవాబు చెప్పారు. ఆయన అలా చెప్పడం కమలాకర్ ఎన్నడూ ఎరగడు. “నాటకం నిలబెట్టాలని తిప్పాను. నువ్వు మద్రాసు వెళ్ళి పెద్దవాడివయ్యావు. నా శిష్యుడని ఊరంతా చెప్పుకుని తిరిగాను. నోరు విప్పితే ఆ మురిపెం పోతుందని విప్పలేదు. పున్నయ్య పెట్టె అడగడానికి వచ్చిన రోజున వాడి ముఖం చూడలేకపోయాను. అందులో నా పాలు నాకుంది కోటయ్యా. అందుకే నీ పుస్తకానికి ముందుమాట రాయను.”

వీధిలో దీపాలు వెలిగాయి. లోపల కోడలు పొయ్యి రాజేసినట్టుంది, పొగ వాసన వచ్చింది. కమలాకర్ సంచీలోంచి అచ్చు కాగితాలు తీశాడు. ఆ అధ్యాయం ఉన్న పేజీ దొరికింది. జేబులో కలం కూడా ఉంది. అయినా ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అతని గొంతు, ఆనాడు మూడోసారి వన్స్ మోర్ అన్నప్పటిలాగే, సగంలో జీరబోయింది.

“తాగుబోతునని రాస్తే మెచ్చుకున్నారు మాస్టారూ. పెళ్ళాన్ని ఏడిపించానంటే కన్నీళ్ళు పెట్టుకుని ఉత్తరాలు రాశారు. ఇది రాస్తే నవ్వుతారు. కమలాకర్ అనేవాడు మొదలుపెట్టిందే అరువు గొంతుతో అంటారు. మిగతా పుస్తకం కూడా ఎవడూ నమ్మడు. ఇన్ని తప్పులు ఒప్పుకున్నాను కదా, ఈ ఒక్కటీ వదిలేస్తే ఏం పోతుంది?”

మాస్టారు చేయి చాచి, తడుముకుంటూ, అతని మోకాలి మీది కాగితాన్ని తాకారు. దాన్ని లాక్కోలేదు, అతని వైపు తొయ్యనూ లేదు.

“నువ్వు ఒప్పుకున్నవన్నీ నీవి నాయనా. రాసుకో, దాచుకో, నీ ఇష్టం. ఈ ఒక్కటీ నీది కాదు.”